ఖాళీ అనుకున్న కాగితాలు

ఫిబ్రవరి 3

స్కానర్ వచ్చింది. అట్టపెట్టెలోంచి తీసి బల్ల మీద పెట్టగానే వదిన దాని చుట్టూ ఒకసారి తిరిగి, "ఏంటయ్యా ఇది, రుమాళ్ళు పిండుకునే మిషనా?" అంది.

రోలర్లు చూసి అంది పాపం. పైన కాగితాల దొంతర పెట్టి మీట నొక్కితే ఆ రోలర్లు ఒక్కొక్క కాగితాన్నీ లాక్కుని, రెండు వైపులా ఒకేసారి ఫొటో తీసి, కింద ట్రేలో పడేస్తాయి. ఆ ఫొటోలు కంప్యూటర్లోకి వెళ్ళిపోతాయి. నేను వివరించేసరికి వదిన వంటింట్లోకి వెళ్ళిపోయింది.

రిటైరయ్యాక ఒంటిగాణ్ణి ఎక్కడుంటానని వీళ్ళింటికి చేరాను. తిని కూర్చునే మనిషి ఎవరికైనా బరువే, వాళ్ళు అనకపోయినా. అన్నయ్యకి బూట్లు కుట్టడంలో నేను చేసే సాయం ఏమీ లేదు, దారం ఎక్కించడం కూడా రాదు. కానీ కాగితాలు సర్దడం నాకు తెలుసు. ఉద్యోగమంతా రికార్డు గదిలోనే చేశాను. ముందు గదే అన్నయ్య దుకాణం, అక్కడ బీరువా పట్టకుండా కాగితాలున్నాయి. వంకర పాదాలవాళ్ళు, ఎక్కువ తక్కువ కాళ్ళవాళ్ళు ఎవరొచ్చినా వాళ్ళని కాగితం మీద నిలబెట్టి, పాదం చుట్టూ పెన్సిలుతో గీసి, ఆ గీత మీదే బూటు కుడతాడు. వచ్చిన ప్రతిసారీ కొత్త కాగితం. మనిషికో కట్ట, కట్టకో దారం.

వాటన్నిటినీ కంప్యూటర్లోకి ఎక్కించి ఆ బీరువా ఖాళీ చేసి ఇస్తాను. అదీ నా పని.

ఫిబ్రవరి 5

మొదటి రోజే అంచులు మడిచిన కాగితం ఇరుక్కుంది. మూత తెరిచి లాగబోతే చిరిగేలా ఉంటే, రోలర్ని వేలితో వెనక్కి తిప్పి తీశాను. నేర్చుకున్నది: దొంతర పెట్టేముందు పేకముక్కల్లా విప్పి గాలి తగలనివ్వాలి. పిన్నులు తీసేయాలి. ఒక్క పిన్ను చాలు, లోపలి అద్దం గీసుకుపోవడానికి.

అన్నయ్య గుమ్మంలో నిలబడి చూసి, "చిరక్కుండా చూడరా" అన్నాడు. అంతే అన్నాడు.

ఫిబ్రవరి 9

ప్రతి పేజీ మీదా పైనుంచి కిందకి నల్లగీత. కంప్యూటర్ చెడిందనుకున్నాను. కాదు, స్కానర్ లోపల సన్నటి అద్దం పట్టీ ఒకటుంది, దాని మీద తోలు దుమ్ము. కాగితాలు ముందు గదిలో ఉన్నన్నాళ్ళూ తోలు పొడి, జిగురు, సుద్ద, అన్నీ తిన్నాయి. ఇప్పుడు మిషన్‌కి తినిపిస్తున్నాయి. పాత బనీను చింపి, తడి చేసి, గట్టిగా పిండి అద్దం తుడిచాను. రోలర్లు కూడా. గుడ్డ నల్లగా అయింది. గీత పోయింది.

ఇక రోజూ పొద్దున్నే తుడవాలి. వదిన చూసి, "నీ కళ్ళజోడు కూడా ఇంత శ్రద్ధగా తుడుచుకోవు" అంది. నిజమే.

ఫిబ్రవరి 14

పాత కాగితాలు పసుపెక్కాయి కదా, తెర మీద మురికి గుడ్డల్లా కనిపిస్తున్నాయి. సెట్టింగులు వెతికి వెలుతురు పెంచాను. ఇప్పుడు తెల్లగా, మల్లెపువ్వులా ఉన్నాయి. మనకి తెల్లదనం మీదున్న మోజు కాగితాల దాకా వెళ్ళింది.

ఇంకో బాధ, అన్నయ్య ఒక వైపే గీస్తాడు. రెండో వైపు ఖాళీ. మిషన్ రెండూ తీస్తుంది కాబట్టి సగం ఫొటోలు ఉత్త తెలుపు. వాటిని ఒక్కొక్కటే తీసేస్తూ కూర్చుంటే మెడ పట్టేసింది. దానికీ ఉపాయం దొరికింది. "ఖాళీ పేజీలు వదిలేయి" అని ఒక గడి ఉంది. టిక్కు పెట్టాను. ఖాళీ ఏదో నిండుది ఏదో మిషనే చూసుకుంటుంది. పని సగానికి సగం తగ్గింది.

ఆఫీసులో నా కింద ఇలాంటి గుమాస్తా ఒక్కడుంటే ఎంత బాగుండేది!

ఫిబ్రవరి 15

పై అర అయిపోయింది. మెడ నొప్పి లేదు.

ఫిబ్రవరి 27

టకటక వచ్చింది, బూటు మడమ అరిగిందని. అన్నయ్య పెట్టిన పేరు. మూడేళ్ళప్పుడు మొదటి బూట్లు తొడిగితే ఇల్లంతా టకటకలాడిస్తూ తిరిగిందట, విప్పనిస్తేగా. ఇప్పుడు బళ్ళో టీచరు. ఎడమ పాదం ఇంకా లోపలికే తిరిగి ఉంది. అన్నయ్యని "బాబాయ్" అంటుంది, అందుకని నేను చిన్నబాబాయ్‌ని.

మిషన్ దగ్గర నిలబడి కాగితాలు పోతుంటే చూసింది. "నావి కూడా వెళ్ళాయా చిన్నబాబాయ్?"

"నీ కట్టే అన్నిటికన్నా లావుగా ఉందమ్మా. నిన్ననే ఎక్కించాను."

"మరి నేను పెద్ద కస్టమర్‌ని కదా!" అని నవ్వింది. కూర్చున్నాక బూటు విప్పి పాదం పట్టుకుంది. రోజంతా క్లాసులో నిలబడాలంటే నొప్పిగానే ఉందట. మాతో చెప్పలేదు, వదినతో చెప్పింది.

మార్చి 12

అయిపోయింది. బీరువా మొత్తం ఇప్పుడు నా అరచేతిలో పట్టే హార్డ్ డిస్కు పెట్టెలో ఉంది. అన్నయ్యకి చూపించాను. ఆ పెట్టె చేతిలో పట్టుకుని బరువు చూశాడు.

"అన్నీ వచ్చాయా?"

"అన్నీ."

"ఒకసారి చూశావా? ఒక్కో కట్టా?"

"చూశానన్నయ్యా."

చూశాను అంటే, పైపైన చూశాను. మనిషికో ఫైలు ఉంది, ఫైళ్ళన్నీ తెరుచుకుంటున్నాయి. అదీ చూడటమే. ఒక్కొక్క కాగితమూ పోల్చి చూడాలంటే ఈ జన్మకి అయ్యే పనేనా? ఆఫీసులోనైనా ఎవరు చూశారు గనక.

మధ్యాహ్నం పాత కాగితాల బండి వస్తే కట్టలన్నీ వేసేశాను. అన్నయ్య దుకాణంలోంచి బయటికి రాలేదు. సుత్తి చప్పుడు మాత్రం ఆగింది.

మార్చి 13

వదిన బీరువాలో దుప్పట్లు సర్దుకుంది. "ఎన్నాళ్ళకి ఈ ఇంట్లో నాకో అర దొరికిందయ్యా" అని నాకు రెండుసార్లు కాఫీ ఇచ్చింది. సంతోషంగా ఉంది.

ఏప్రిల్ 20

టకటక పరిగెత్తినంత పని చేస్తూ వచ్చింది. ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళిందట. పాదం ఎదగడం ఆగాక కూడా లోపలికి తిరుగుతూనే ఉందా, లేక ఎక్కడో ఆగిపోయిందా అన్నది ఆయనకి తెలియాలి. తిరుగుతూనే ఉంటే ఈ బడి సెలవుల్లోనే ఆపరేషన్ చేస్తాడు. ఆగిపోయి ఉంటే కత్తి పెట్టకూడదట, బూట్లే చాలట. ఎక్స్‌రేలు ఉన్నాయి గానీ అవి పడుకోబెట్టి తీసినవి. బరువు మోపి నిలబడ్డప్పటి పాదం కావాలి.

"నా బాబాయ్ దగ్గర మూడేళ్ళప్పటి నుంచి అన్ని గీతలూ ఉన్నాయి అని చెప్పాను. డాక్టరు నమ్మలేదు తెలుసా? తీసుకురా చూస్తాను అన్నాడు!"

అన్నయ్య మొహం వెలిగిపోయింది. నాకూ ఛాతీ ఉబ్బింది. మిషన్ పెట్టినందుకు ఇదిగో ఫలం అనుకున్నాను. కంప్యూటర్ తెరిచి ఆమె ఫైలు నొక్కాను.

ఒక కాగితం వచ్చింది. ఇంకొకటి. అంతే.

"పెద్ద ఫైలు కదమ్మా, వేరే చోట పెట్టి ఉంటాను. వెతికి రేపో ఎల్లుండో ఇస్తాను" అన్నాను.

ఏప్రిల్ 21

రోలర్ల తప్పు అయి ఉంటుంది. అరిగిన రోలర్లు రెండేసి కాగితాలు కలిపి లాగేస్తాయి, అప్పుడు పైదే ఫొటోలో పడుతుంది. అలా జరిగితే కూత పెట్టాలి మిషన్. పెట్టలేదేమో. పెట్టినా నేను అవతల ఉన్నానేమో. రోలర్లు తీసి కడిగాను, ఆరబెట్టాను, మళ్ళీ బిగించాను. అన్నయ్య పాత బిల్లులు వేసి చూశాను. ఒక్కటి కూడా కలిసి పోలేదు.

అయితే తోలు దుమ్ము. దుమ్ము వల్ల జారిపోయి ఉంటాయి.

ఏప్రిల్ 22

దుమ్ము కాదు.

ఏప్రిల్ 23

ఎవరో తల్లి చంకలో పిల్లాడితో వచ్చింది. అన్నయ్య వాణ్ణి కాగితం మీద నిలబెట్టి గీస్తుంటే పక్కనే నిలబడి చూశాను. ఇన్నాళ్ళుగా ఈ ఇంట్లో ఉంటున్నాను, ఎప్పుడూ చూడలేదు. పెన్సిలు కాగితానికి తగులుతోందా లేదా అన్నట్టు పోతోంది. మూలన తేదీ కూడా అలాగే వేశాడు.

"అంత తేలిగ్గా గీస్తావేం?"

"చక్కిలిగిలిరా. ఒత్తి గీస్తే కాలు లాగేసుకుంటారు. లాక్కుంటే గీత తప్పు."

"పెద్దవాళ్ళకి?"

"పెద్దవాళ్ళకి మామూలే. టకటక ఒక్కతే, ఇప్పటికీ ఆ కాలు ముట్టుకుంటే చాలు ఉలిక్కిపడుతుంది. దానికి ఇప్పటికీ ఇంతే."

ఆ కాగితం ఒక నిమిషం ఇవ్వమని తీసుకెళ్ళి మిషన్లో పెట్టాను. లాక్కుంది. కింద ట్రేలో పడేసింది. తెర మీద ఏమీ రాలేదు. మళ్ళీ పెట్టాను. రాలేదు.

సెట్టింగుల్లో వెలుతురు తగ్గించి, "ఖాళీ పేజీలు వదిలేయి" దగ్గర టిక్కు తీసేసి పెట్టాను. చిన్న పాదం, అయిదు వేళ్ళు, మూలన తేదీ, అన్నీ చక్కగా వచ్చాయి.

రోలర్ల తప్పు కాదు, దుమ్ము తప్పు కాదు. ఆడలేక మద్దెల ఓడన్నానన్న మాట. కాగితాలు తెల్లగా కనపడాలని గీతలు చెరిపింది నేను. చెరిగిపోయిన వాటిని ఖాళీ అని పారేయమని చెప్పిందీ నేనే. ఆ పిల్ల పాదం పెరిగిన కాలమంతా మిషన్ ముందు నుంచి నడిచి వెళ్ళింది, నేను పక్కన కూర్చుని మెడ నొప్పి తగ్గిందని సంతోషించాను.

ఏప్రిల్ 24

పాత కాగితాలవాడి కొట్టు వెతుక్కుంటూ వెళ్ళాను. "అప్పటివా సార్? ఎప్పుడో మిల్లుకి పోయి గుజ్జయిపోయి ఉంటాయి" అన్నాడు. అయినా కొట్టు వెనక గుట్టలన్నీ తిరగేశాను. వాడు జాలిపడి ఒక స్టూలు తెచ్చి వేశాడు.

ఏప్రిల్ 25

అన్నయ్యకి చెప్పాను. ఎలా చెప్పాను? "టకటక కాగితాలు మిషన్ తినేసిందన్నయ్యా" అని.

అన్నయ్య సూదిలో దారం అలాగే పట్టుకుని, "మిషన్ తింటే నలిగిన కాయితమైనా మిగలాలి కదరా" అన్నాడు.

అప్పుడు మిగతాది చెప్పాను. టిక్కు సంగతి, వెలుతురు సంగతి, మిగతా పిల్లల ఫైళ్ళూ ఇలాగే ఉన్న సంగతి. చూశానని చెప్పి చూడకపోవడం మాత్రం చెప్పలేదు. చెప్పనక్కర్లేకపోయింది.

తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. చిన్నప్పుడు తిట్టేవాడు, వీపు మీద ఒకటి వేసేవాడు కూడా. ఇప్పుడు, "దానికేం చెబుదాం?" అన్నాడు. "ఏం చెబుతావు" అనలేదు. అదొక్కటీ మధ్యాహ్నమంతా గుర్తొస్తూనే ఉంది.

ఏప్రిల్ 27

టకటక వచ్చింది. చేతిలో కొత్త అట్ట ఫైలు, కాగితాలు పెట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి.

నేను మంచినీళ్ళు తీసుకొచ్చేసరికి అన్నయ్య చెబుతున్నాడు. "వానకి బీరువాలో నీళ్ళు దిగాయమ్మా. నీ కట్ట మొత్తం ముద్దయిపోయింది. చూసుకోలేదు నేను. నాదే తప్పు."

నేను గ్లాసు పట్టుకుని నిలబడ్డాను. నోరు తెరవాల్సింది అప్పుడే. "కాదమ్మా" అని ఒక్క మాట అంటే అయిపోయేది. అన్నయ్య నా వైపు చూడలేదు, చూస్తే అనేవాణ్ణేమో. అబద్ధం. చూసినా అనేవాణ్ణి కాదు.

"కంప్యూటర్లో?" అని అడిగింది.

"ఎక్కించేముందే పాడయ్యాయి" అన్నాడు అన్నయ్య. ఫిబ్రవరిలో ఆమె కట్ట ఎక్కించానని ఆమెతో నేనే చెప్పాను. ఆమెకి అది గుర్తుందో లేదో. నా వైపు ఒకసారి చూసింది. గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకున్నాను నేను.

అట్ట ఫైలు ఇక్కడే మరిచిపోయి వెళ్ళింది.

మే 6

డాక్టరు ఆధారం లేకుండా కత్తి పెట్టనన్నాడట. ఇప్పటి నుంచి కొన్ని నెలలకొకసారి పాదం గీయించాలి, ఏడాది పోయాక చూద్దాం అన్నాడట. టకటక వదినకి ఫోన్ చేసి చెప్పింది.

ఇంకో ఏడాది ఆ కాలితో క్లాసులో నిలబడాలి. ఏడాది తర్వాత అసలు ఆపరేషన్ అక్కర్లేదనే తేలితే? అప్పుడు నేను తప్పించుకున్నట్టా? ఇలా ఆలోచిస్తున్నాను చూడు, సిగ్గులేకుండా.

మే 7

స్కానర్ మీద గుడ్డ కప్పాను.

మే 19

వదినకి ఇంకా అసలు సంగతి తెలియదు. "మీ అన్నయ్యకి మతిమరుపు మొదలైంది. వాన ఎప్పుడు పడింది, నీళ్ళు ఎప్పుడు దిగాయి? దుప్పట్లు ఒక్కటి కూడా తడవలేదే!" అంది నాతో.

"పాత నీళ్ళేమో వదినా" అన్నాను.

పాత నీళ్ళు! ఇంత వయసొచ్చి.

మే 30

ఈ వారం అన్నయ్య దగ్గరికి పిల్లలు ఎవరూ రాలేదు. ఆ ఎముకల డాక్టరు పంపేవాళ్ళే వాళ్ళంతా. ఊరికే రాలేదేమో. సెలవులు కదా, ఊళ్ళకి వెళ్ళి ఉంటారు.

జూన్ 11

రాలేదు.

జూన్ 18

బడికి వెళ్ళాను. అన్నయ్యతో చెప్పకుండా.

భోజనాల గంట కొట్టారు. పిల్లలంతా బయటికి పరిగెత్తాక టకటక క్లాసులో కుర్చీ మీద కూర్చుని, ఎడమ బూటు విప్పి, పాదం రెండు చేతులతో పట్టుకుని ఉంది. నన్ను చూడగానే గబగబా బూటులో దూర్చేసింది. "రండి చిన్నబాబాయ్! ఇలా వచ్చారేం?"

నిలబడే చెప్పాను. వాన లేదు, నీళ్ళు లేవు. నేను ఏం చేశానో, అన్నయ్య అడిగితే ఏం చెప్పానో, మొత్తం. మధ్యలో ఒక పిల్ల నీళ్ళ సీసా కోసం వచ్చి వెళ్ళింది. అప్పుడు ఆగి, మళ్ళీ చెప్పాను.

బల్ల మీద సుద్దముక్కలు ఒక్కొక్కటే డబ్బాలో వేసింది.

"ఒకసారి తెరిచి చూసుంటే సరిపోయేది కదండీ" అంది.

"అవునమ్మా."

"బాబాయ్ మీద కోపం తెచ్చుకోవడం నాకు చేతకాలేదు. తెచ్చుకుందామనే చూశాను. నా మొదటి బూట్లు కుట్టిన మనిషి మీద ఏం తెచ్చుకుంటాం? సరే, వాన కదా, వాన మీద ఎవరికి కోపం వస్తుంది అనుకుని ఊరుకున్నాను. మీరొచ్చి ఇప్పుడు ఆ వాన కూడా లేదంటున్నారు."

"నా మీద తెచ్చుకోమ్మా. అందుకే వచ్చాను."

"వస్తోంది లెండి. మీరు చెప్పక్కర్లేదు." సుద్ద డబ్బాకి మూత పెట్టింది. "గంట కొడతారు. మీరు వెళ్ళండి."

క్షమించమని అడుగుదామని దారిపొడుగునా మాటలు పేర్చుకుని వెళ్ళాను. అడగలేదు. ఆ ఒక్క పనీ సరిగ్గా చేశాననుకుంటున్నాను. ఏమో, అదీ సరిగ్గా చేశానో లేదో.

ఇంటికి వచ్చి అన్నయ్యకి చెప్పాను. మెచ్చుకుంటాడని ఏ మూలో ఉన్నట్టుంది నాకు.

"ఎందుకు చెప్పావురా?" అన్నాడు. మొహం వాడిపోయింది. "నీ గుండె తేలికయింది, బానే ఉంది. ఇప్పుడు దాని దగ్గర నేను అబద్ధాలకోర్నయ్యాను కదా. పుట్టి బుద్ధెరిగి దానికి నేను చెప్పిన అబద్ధం అదొక్కటే."

అడుసు తొక్కినవాణ్ణి, కడుక్కుందామని వెళ్ళి ఆ నీళ్ళు అన్నయ్య మీద పోసి వచ్చాను.

జూన్ 19

వదినకి తెలిసింది. కాఫీ ఇచ్చింది. గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

జులై 2

టకటక ఎముకల డాక్టరుకి మొత్తం చెప్పిందట, కాగితాలు పోగొట్టింది బాబాయ్ కాదని. నిన్నా ఇవాళా ఆయన పంపిన పిల్లలు వచ్చారు. అన్నయ్య మునుపటి లాగే వాళ్ళతో వెక్కిరింతలాడుతూ గీశాడు. నాకు ఎదురుపడితే మాత్రం "అన్నం తిన్నావా" అంటాడు. ఆ మాటే పొద్దునా, సాయంత్రమూ.

ఆగస్టు 4

టకటక వచ్చింది. డాక్టరు అడిగిన మొదటి గీత ఇవాళ.

గుమ్మంలోకి వస్తూనే, "బాబాయ్, గీసేటప్పుడు గదిలో మనిద్దరమే ఉందాం" అంది. నా వైపు చూడకుండా. వదిన చేతిలో పని వదిలేసి వంటింట్లోకి వెళ్ళింది, నన్నొక్కణ్ణే పంపినట్టు ఉండకూడదని. నేను బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. ఎదురింటివాళ్ళు సైకిలు కడుక్కుంటుంటే చూశాను. లోపల అన్నయ్య ఏదో అన్నాడు, ఆమె నవ్వింది. మెల్లిగా నవ్వింది, కానీ నవ్వింది.

ఆమె వెళ్తుంటే మెట్ల దగ్గర నేను లేచి పక్కకి జరిగాను. "జాగ్రత్త" అన్నాను. "ఊఁ" అంది. చిన్నబాబాయ్ అనలేదు.

అన్నయ్య ఆ కాగితం రెండు చేతులతో పట్టుకుని నా గదిలోకి వచ్చాడు. "ఎక్కించరా" అన్నాడు. ఏప్రిల్ తర్వాత నాకు పని చెప్పడం ఇదే మొదటిసారి.

గుడ్డ తీశాను. అద్దం పట్టీ తుడిచాను, రోలర్లు తుడిచాను, ఆరేదాకా ఆగాను. టిక్కు లేదని చూశాను. ఒక్క కాగితం పెట్టాను. తెర మీద పాదం వచ్చింది. పెద్దది చేసి మడమ నుంచి బొటనవేలి దాకా గీత వెంట చూసుకుంటూ వెళ్ళాను, ఎక్కడా తెగలేదు. మూలన తేదీ ఉంది. అసలు కాగితం పక్కన పెట్టి మళ్ళీ చూశాను. అన్నయ్య నా కుర్చీ వెనక నిలబడి ఉన్నాడు. ఆయన ఊపిరి వినపడుతోంది.

"వచ్చిందన్నయ్యా" అన్నాను.

"సరే" అన్నాడు.

నేను కాగితం ఇచ్చాను. దాన్ని ముందు గదిలోకి తీసుకెళ్ళి బీరువా తెరిచాడు. దుప్పట్లు పై అరలో లేవు, ఎప్పుడో కిందకి దించేశారు. ఖాళీ అరలో ఆ ఒక్క కాగితమూ పెట్టి, తలుపు మూసి, తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని పనికి కూర్చున్నాడు.

తాళం కొత్తది. ఎప్పుడు కొన్నాడని నేను అడగలేదు.